అప్‌లోడ్ చేయగానే ఫోటో పదును పోతోంది. తప్పు సైట్‌దా, నాదా?

1. పిట్టలపిచ్చి

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి ఉండబట్టలేక రాస్తున్నాను.

నేను తీసేవి ఎక్కువగా పక్షుల ఫోటోలు. మొన్న ఒక లకుముకి పిట్ట దొరికింది. కొమ్మ మీద కదలకుండా కూర్చుంది, పక్కనుంచి మంచి వెలుతురు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే మెడ కింద ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. కంట్లో మెరుపు చుక్క సూదిమొనలా ఉంది. సంబరంగా నా ఫోటోలు పెట్టుకునే సైట్‌లో అప్‌లోడ్ చేశాను. అక్కడ చూస్తే ఈకలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దూదిపింజెలా తయారైంది. కంట్లో చుక్క ఉందో లేదో కూడా తెలియడం లేదు.

వివరాలు: 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఫైల్ 6000×4000, జేపెగ్, సుమారు 11 ఎంబీ. సైట్ పేరు చెప్పను, అనవసరంగా గొడవ. డబ్బు కట్టే ఖాతానే వాడుతున్నాను.

ఇంకో వింత. అదే పేజీ ఆఫీసు మానిటర్ మీద చూస్తే ఇంత అన్యాయంగా లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే ఘోరంగా ఉంది. ల్యాప్‌టాప్ కొత్తది, తెర ఆఫీసుదానికన్నా మంచిది కూడా. నాకు అంతు చిక్కడం లేదు.

2. ముక్కుసూటి

ఇందులో వింత ఏముంది అన్నా. వాళ్లకి స్టోరేజ్ మిగలాలి, బ్యాండ్‌విడ్త్ మిగలాలి. మన ఫోటోని పిండి పిప్పి చేసి చూపిస్తారు. డబ్బు కట్టినా అంతే. ఖాతా తీసేసి ఇంకో సైట్‌కి వెళ్లిపోండి.

3. పాతలెన్సు

ముక్కుసూటి గారూ, వెళ్లిపోవడం ఎప్పుడైనా వెళ్లొచ్చు. ముందు జబ్బేమిటో చూద్దాం.

పిట్టలపిచ్చి గారూ, మూడు విషయాలు చెప్పండి. "ఈకలు లెక్కపెట్టేలా ఉన్నాయి" అన్నది ఎడిటర్‌లో 100 శాతం జూమ్‌లో (ఫైల్‌లోని ఒక పిక్సెల్‌కి తెర మీద ఒక పిక్సెల్) చూసినప్పుడా, లేక ఫోటో మొత్తం తెరలో ఇమిడేలా చూసినప్పుడా? సైట్ చూపిస్తున్న కాపీ కొలత ఎంత? (ఫోటో మీద కుడి క్లిక్ చేసి దాన్నే కొత్త ట్యాబ్‌లో తెరిస్తే తెలుస్తుంది.) ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ (తెర మీద అక్షరాలు, బొమ్మలు అన్నీ పెద్దవి చేసి చూపే సెట్టింగ్) ఎంత శాతం పెట్టి ఉంది?

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ఎడిటర్‌లో 6000 పిక్సెళ్ల ఫైల్‌ని 100 శాతంలో చూసి, సైట్‌లో వెయ్యి పిక్సెళ్ల కాపీ చూసి, రెంటినీ పోలుస్తారు. గదిలో నిలబెట్టిన మనిషినీ పాస్‌పోర్ట్ ఫోటోనీ పోల్చినట్టు. ఏది పోల్చినా ఒకే కొలతలో పోల్చాలి.

4. ఫోన్‌తోనే

ఇదే బాధ నాకూ ఉంది. నేను ఫోన్‌తోనే తీస్తాను, పేరులోనే ఉంది కదా. స్నేహితుడు తీసిన ఫోటోని మెసేజ్ యాప్‌లో పంపించుకుని, దాన్ని సైట్‌లో పెడితే ఇంకా దారుణం. ముఖం మైనంతో చేసినట్టుంది.

5. పాతలెన్సు

ఫోన్‌తోనే గారూ, మీది తేలిక కేసు. మెసేజ్ యాప్‌లు మామూలుగా పంపిన ఫోటోని ముందే చిన్నది చేసి కుదిస్తాయి. సైట్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైల్ వస్తుంది. వాట్సాప్‌లో 2023 నుంచి హెచ్‌డీ అని ఒక ఎంపిక కూడా ఉంది. మామూలు కన్నా నయం, కానీ అదీ అసలు ఫైల్ కాదు.

6. పిట్టలపిచ్చి

పాతలెన్సు గారూ, చూశాను.

మీరన్నట్టే 100 శాతంలో చూసి మురిసిపోయిన మాట నిజం. ఇమిడేలా చూసినా బాగానే ఉంది కానీ, అంత కాదు.

సైట్ చూపిస్తున్న కాపీ 1024×683. బరువు 148 కేబీ. 11 ఎంబీ ఎక్కడ, 148 కేబీ ఎక్కడ!

ల్యాప్‌టాప్ స్కేలింగ్ 125 శాతం. కొన్నప్పటి నుంచి అలాగే ఉంది, నేను ముట్టుకోలేదు. ఆఫీసులో 100.

7. ముక్కుసూటి

148 కేబీ! నేను చెప్పలా?

8. సర్వర్‌గది

కొన్నేళ్లు ఇలాంటి సైట్ల వెనక పని చేశాను కాబట్టి కొంచెం చెప్తాను. పెద్దదైతే తిట్టుకోకండి.

మీరు ఫైల్ పంపగానే అది అలాగే కూర్చోదు. సర్వర్ దాన్ని తెరిచి, కెమెరా అడ్డంగా పట్టుకున్నారో నిలువుగా పట్టుకున్నారో చూసి తిప్పి, దాని నుంచి అయిదారు కాపీలు చేస్తుంది. ఒకటి వేలిగోరంత థంబ్‌నెయిల్, ఒకటి ఫోన్‌కి, ఒకటి పేజీలో చూపడానికి, ఇలా. ప్రతి కాపీనీ కొత్తగా జేపెగ్ గానో, వెబ్ కోసం వచ్చిన వెబ్‌పీ అనే ఫైల్ రకం గానో రాస్తుంది. చూసేవాళ్లకి వెళ్లేది ఈ కాపీలే. మీ అసలు ఫైల్ చాలా సైట్లలో పక్కన భద్రంగా ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. గూగుల్ ఫోటోస్ ఉంది చూడండి, 2021 జూన్ 1 దాకా "హై క్వాలిటీ" కింద ఉచితంగా ఎన్నైనా దాచింది, కానీ 16 మెగాపిక్సెళ్లు దాటినదాన్ని అంతకి తగ్గించి దాచేది. అంటే ఏ సైట్‌లోనైనా "నా అసలు ఫైల్ ఉందా" అన్నది ఒక ప్రశ్న, "పేజీలో ఏ కాపీ కనిపిస్తోంది" అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ కలిపేయకూడదు.

ఇప్పుడు మీ పిట్ట సంగతి. 6000 నుంచి 1024కి వస్తే, అడ్డంగా దాదాపు 5.9 పిక్సెళ్లు కలిసి ఒకటి అవుతాయి, నిలువుగానూ అంతే. అంటే మీ ఫైల్‌లోని 34 పిక్సెళ్లు ఒక్క పిక్సెల్ అయ్యాయి. 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లలో మిగిలింది 7 లక్షలు. ఈక అంచు రెండు మూడు పిక్సెళ్ల వెడల్పు ఉందనుకోండి, 34లో అది ఎక్కడ నిలుస్తుంది? సగటులో కరిగిపోతుంది. ఇక్కడిదాకా కంప్రెషన్, అంటే ఫైల్ బరువు కుదించడం, ఇంకా మొదలే కాలేదు, గమనించండి.

కాబట్టి 148 కేబీని చూసి గుండెలు బాదుకోవద్దు. 7 లక్షల పిక్సెళ్లకి అది మరీ పిసినారితనం కాదు. అసలు దోషం, తగ్గించాక పదును పెట్టకపోవడం.

9. వెన్నెలనీడ

సర్వర్‌గది గారూ, మరి సైట్లే పదును ఎందుకు పెట్టవు? ఒక లైను కోడ్ కదా?

10. సర్వర్‌గది

లైను ఒకటే అక్కా, తలనొప్పులు బోలెడు. సైట్‌కి వచ్చేది పిట్టల ఫోటోలు ఒక్కటే కాదు. పెళ్లి ఫోటోలు, చంటిపిల్లల ముఖాలు, స్క్రీన్‌షాట్‌లు, బొమ్మలు, స్కాన్ చేసిన కాగితాలు. ఈకలకి సరిపోయే పదును ముఖం మీద పెడితే చర్మం మీద ప్రతి గుంటా లేచి కూర్చుంటుంది. ముందే పదును పెట్టి పంపినవాళ్ల ఫోటోకి మళ్లీ పెడితే అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. పైగా పదును పెంచితే ఫైల్ బరువు పెరుగుతుంది. లక్షల ఫోటోలకి అది చిన్న ఖర్చు కాదు. అందుకని చాలామంది కొద్దిగా పెడతారు, లేదా అసలు పెట్టరు. స్మగ్‌మగ్ లాంటి ఫోటో సైట్‌లో గ్యాలరీ యజమానే పదును ఎంత ఉండాలో పెట్టుకునే వీలు ఉండేది. నాకు తెలిసి అది అరుదు.

తగ్గించే పద్ధతిలో కూడా తేడా ఉంది. 34 పిక్సెళ్లు ఉంటే అందులో దగ్గరి నాలుగే చూసి మిగతావి వదిలేసే పద్ధతి ఉంది. వేగం బాగుంటుంది, కానీ గీతలు మెట్లు మెట్లుగా విరుగుతాయి. అన్నిటినీ సమంగా సగటు తీస్తే నున్నగా, మెత్తగా వస్తుంది. లాంక్జోస్ అని ఒకటి ఉంది, హంగరీ గణితవేత్త పేరు మీద. అది అంచుల్ని కాస్త నిలబెడుతుంది. మీ సైట్ ఏది వాడుతోందో బయటి నుంచి కచ్చితంగా చెప్పలేం.

11. పాతలెన్సు

సర్వర్‌గది బాగా చెప్పారు. కానీ ఇల్లు–ఆఫీసు తేడాకి జవాబు ఇది కాదు. ఆ జవాబు 125లో ఉంది.

స్కేలింగ్ 125 అంటే, పేజీలో 1024 పిక్సెళ్ల చోటు మీ తెర మీద నిజంగా 1280 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. కానీ దగ్గరున్న కాపీ 1024దే. బ్రౌజర్ ప్రతి నాలుగు పిక్సెళ్లనీ అయిదుగా సాగదీయాలి. ఆ అయిదోది ఎక్కడినుంచి తెస్తుంది? పక్కవాటి నుంచి కలిపి అంటిస్తుంది. ముందే సగటులో మెత్తబడిన బొమ్మని మళ్లీ సాగదీస్తే దూది కాక ఇంకేమవుతుంది! తెర ఎంత మంచిదైతే అంత మసక కనిపించే విచిత్రం ఇది.

నమ్మకపోతే ఒక చిన్న పని చేయండి. అదే పేజీ తెరిచి బ్రౌజర్ జూమ్ 80 శాతం పెట్టండి. 125లో 80 శాతం అంటే సరిగ్గా 100. ఏం కనిపించిందో చెప్పండి.

12. పిట్టలపిచ్చి

అయ్యబాబోయ్.

ఫోటో చిన్నదైంది కానీ ఈకలు వచ్చాయి! అన్నీ కాదు, ఆఫీసులో కనిపించినన్ని. కంట్లో చుక్క కూడా ఉంది. ఇన్నాళ్లూ సైట్‌ని తిడుతూ నా తెరని పక్కన పెట్టాను.

13. ఫోన్‌తోనే

నేనూ చూశా. నాది స్కేలింగ్ 100 శాతమే, కానీ బ్రౌజర్ జూమ్ ఎప్పుడో 110కి వెళ్లి అక్కడే ఉండిపోయింది. కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పినట్టున్నాను. బ్రౌజర్ ఆ సైట్‌కి అది గుర్తు పెట్టుకుంది. ఎన్ని నెలలు అలా చూశానో ఏమో. కంట్రోల్, సున్నా కలిపి నొక్కితే సరిపోయింది.

14. ముక్కుసూటి

సరే, స్కేలింగ్ ఒప్పుకున్నాను. కానీ ఇప్పుడు లోకంలో సగం ల్యాప్‌టాప్‌లు 125, 150లోనే వస్తున్నాయి, ఫోన్లయితే ఇంకా పైన. చూసేవాళ్లందరికీ "జూమ్ 80 పెట్టండి" అని కింద రాయాలా? పిక్సెళ్లు చిక్కగా ఉన్న తెరలకి పెద్ద కాపీ పంపడం సైట్ బాధ్యత కాదా? ఆ సదుపాయం బ్రౌజర్లలో ఏళ్ల నుంచి ఉంది. డబ్బు తీసుకుంటూ అది కూడా చేయకపోతే ఎందుకు?

15. సర్వర్‌గది

ఈసారి ముక్కుసూటి గారితో నేనూ ఏకీభవిస్తాను. ఒకే ఫోటోకి నాలుగైదు కొలతలు రాసి, "నీ తెరకి ఏది కావాలో తీసుకో" అని బ్రౌజర్‌కి చెప్పే పద్ధతి ఉంది. తెలిసిన సైట్లు చాలావరకు వాడుతున్నాయి. పిట్టలపిచ్చి గారి సైట్ ఎందుకు 1024 దగ్గర ఆగిందో నాకూ అనుమానంగా ఉంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఖాతా సెట్టింగ్స్‌లో "చూపించే గరిష్ఠ కొలత" అని ఏమైనా ఉందా? ఫోటోలు ఎవరూ ఎత్తుకుపోకుండా కొంతమంది అది తగ్గించి పెడతారు.

16. పిట్టలపిచ్చి

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

ఉంది. గరిష్ఠం 1024 అని పెట్టి ఉంది. పెట్టింది నేనే. నాలుగేళ్ల కిందట నా ఫోటో ఒకటి ఎవరో వాళ్ల పేరు వేసి పెట్టుకున్నారని కోపంతో పెట్టాను. తర్వాత మరిచిపోయాను. పైన "సైట్‌దా, నాదా" అని అడిగింది ఊరికే అలంకారంగా రాశాను, నిజంగా నాదే అవుతుందనుకోలేదు.

17. ముక్కుసూటి

నేను ఏమీ అనను. అనాలని ఉంది, కానీ అనను.

18. వెన్నెలనీడ

పాపం వదిలేయండి ఆయన్ని. అందరం ఏదో ఒక సెట్టింగ్ పెట్టి మరిచిపోయినవాళ్లమే.

అసలు ఫైల్ ఎవరికీ దొరక్కూడదనుకుంటే 2048 మంచి మధ్యేమార్గం. తెర మీద హాయిగా ఉంటుంది, పెద్ద ప్రింట్‌కి చాలదు. నేనూ ఆ కొలతే వాడుతున్నాను. ఫేస్‌బుక్ కూడా తన సహాయ పేజీలో 720, 960, 2048 వెడల్పుల్లో పెట్టమని చెబుతూ వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌కి వెడల్పు 1080. చూపించే చోటు కొలత ముందే తెలిస్తే మనమే ఆ కొలతకి చేసి పంపొచ్చు, సగటు తీసే పని సర్వర్‌కి మిగలదు.

నా సమస్య వేరే. నేను తీసేది రాత్రి ఆకాశం. పెద్ద ఫైల్‌లో వేల నక్షత్రాలు ఉంటాయి. చిన్నది చేస్తే సగం మాయం. ఇది మెత్తబడటం కూడా కాదు, ఏకంగా ఆరిపోతున్నాయి.

19. సర్వర్‌గది

అక్కా, మీది నాకు ఇష్టమైన విషయం. ఫైల్‌లో ఉండే అంకెలు వెలుతురుకి నేరుగా సమానం కావు. మన కంటికి తగ్గట్టు వంచి రాసిన అంకెలు అవి. తెల్ల పిక్సెల్ 255, నల్ల పిక్సెల్ 0 కలిపి సగటు తీస్తే సాదా లెక్కలో 128 వస్తుంది. కానీ ఆ రెండు పిక్సెళ్ల నుంచి వచ్చే వెలుతురులో నిజమైన సగం రాయాలంటే 188 దగ్గర రాయాలి. చాలా ప్రోగ్రాములు సాదా లెక్కే చేస్తాయి. నల్లటి ఆకాశంలో ఒంటరి నక్షత్రం ఈ లెక్కలో రెండుసార్లు దెబ్బ తింటుంది. చుట్టూ ఉన్న 33 నల్ల పిక్సెళ్లతో కలిసి పలచబడుతుంది, పైగా రావాల్సిన దానికన్నా మసకగా రాస్తారు. పగటి ఫోటోల్లో ఇది పెద్దగా తెలియదు. మీలాంటి వాళ్లకీ, రాత్రి దీపాలు తీసేవాళ్లకీ తెలుస్తుంది.

మీ ప్రోగ్రామ్‌లో "లీనియర్ లైట్"లో, అంటే అంకెల్ని నిజమైన వెలుతురు లెక్కలోకి మార్చి, రీసైజ్ చేసే వీలుంటే అది వాడి, మీరే చిన్నది చేసి పంపండి.

20. వెన్నెలనీడ

చేశాను! మునుపటి దాని పక్కన పెట్టి చూస్తే కొత్త ఆకాశంలా ఉంది. ధన్యవాదాలు.

21. పిట్టలపిచ్చి

నేను కూడా రెండు రాత్రులు కూర్చున్నాను. ఫలితాలు ఇవి.

గరిష్ఠం 2048కి పెంచాను. ల్యాప్‌టాప్‌లో జూమ్ 100 ఉంచి చూస్తే ఇప్పుడు పేజీకి 2048 కాపీ వస్తోంది, బ్రౌజర్ దాన్ని 1280కి తగ్గించి చూపిస్తోంది. దూది పోయింది. సగం పని ఇక్కడే అయిపోయింది.

తర్వాత పాతలెన్సు గారు అన్నట్టు ఒకే కొలతలో పోల్చాను. అసలు ఫైల్‌ని నేనే 2048కి తగ్గించి, పదును పెట్టకుండా ఒకటి, పెట్టి ఒకటి దాచాను. సైట్ చేసిన 2048 కాపీని దించుకుని మూడింటినీ పక్కపక్కన 100 శాతంలో చూశాను. సైట్‌దీ, నా పదును పెట్టనిదీ కవలపిల్లల్లా ఉన్నాయి. పదును పెట్టింది మాత్రం వేరే లోకం. అంటే సైట్ దొంగతనం ఏమీ చేయలేదు, వడ్డించింది అంతే, ఉప్పు మనం వేసుకోవాలి.

ఇంకొకటి. నేనే 2048కి చేసి, నాణ్యత 90తో దాచి పంపాను, 1.3 ఎంబీ ఉంది. కొలత మారకపోయినా సైట్ దాన్ని మళ్లీ రాసింది, 690 కేబీ చేసింది. కొలత సరిపోతే ముట్టుకోదనుకున్నాను. నష్టం మాత్రం కళ్లు చిట్లించి చూస్తే తప్ప తెలియలేదు.

కంట్లో చుక్క సంగతి కూడా రాయాలి. అసలు ఫైల్‌లో దాని వెడల్పు 14 పిక్సెళ్లు. 1024లో రెండున్నర కూడా లేదు. 2048లో అయిదు. పిట్ట బతికున్నట్టు కనిపించడానికి ఆ అయిదు చాలు.

22. సర్వర్‌గది

కొలత సరిపోయినా మళ్లీ రాయడం మామూలే. ఫైల్‌లో దాగిన లొకేషన్ లాంటి వివరాలు తీసేయాలి, పాడైన ఫైళ్లని ఆపాలి, అన్నీ ఒకే నాణ్యతకి తేవాలి. వర్డ్‌ప్రెస్ కూడా తాను చేసే కాపీలకి 2016లో 4.5 వెర్షన్ నుంచి నాణ్యత 90 నుంచి 82కి దించింది. సొంత బ్లాగు నడిపేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. 2019లో 5.3 నుంచి 2560 దాటిన ఫోటోలని తగ్గించి వాడుతుంది. "నా సొంత సైట్‌లో కూడా పదును పోతోంది" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఇదే.

ఈ 82, 90 అంకెలు మాత్రం ఒక ప్రోగ్రామ్‌వి ఇంకో ప్రోగ్రామ్‌తో పోల్చకండి. శాతాలు కావు అవి. ఒకదాని 80 ఇంకోదాని 90 అవ్వొచ్చు. ఫోటోషాప్‌లో ఒక చోట 12 దాకా, ఇంకో చోట 100 దాకా ఉంటుంది.

23. ఫోన్‌తోనే

పదును పెట్టడం పెట్టడం అంటున్నారు, ఎంత పెట్టాలో ఎవరూ చెప్పరేం? నా యాప్‌లో ఒకటే మీట ఉంది, 0 నుంచి 100. నేను 100 పెడతాను.

24. పాతలెన్సు

వద్దు బాబూ, 100 వద్దు.

అన్‌షార్ప్ మాస్క్ అని ఉంటుంది. పేరు తలకిందులుగా ఉంది కానీ దాని వెనక కథ ఉంది. డార్క్‌రూమ్ రోజుల్లో నెగటివ్‌కి కావాలని మసక కాపీ ఒకటి చేసి, దాన్ని నెగటివ్‌కి జత చేసి ప్రింట్ తీసేవాళ్లు. మసకదాన్ని అసలుదాని నుంచి తీసేస్తే మిగిలేది అంచులే. ఇప్పుడు కంప్యూటర్ చేసేదీ అదే. కొత్త వివరం ఏమీ పుట్టదు. అంచుకి ఒక పక్క కొంచెం తెలుపు, ఇంకో పక్క కొంచెం నలుపు పెంచితే మన కన్ను మోసపోతుంది.

అందులో మూడు మీటలు ఉంటాయి. ఎంత గట్టిగా, ఎంత వెడల్పుగా, ఎంత తేడా ఉన్న అంచుకి. తెర కోసం తగ్గించిన ఫోటోకి వెడల్పు, అంటే రేడియస్, 0.3 నుంచి 0.5 పిక్సెల్ చాలు. కాగితం మీద ప్రింట్‌కి అలవాటు పడినవాళ్లు 1.5, 2 పెడతారు, అది తెర మీద పిట్ట చుట్టూ వెలుగు చక్రం పుట్టిస్తుంది. గట్టితనం ఫోటోని బట్టి. పదును కనిపించేదాకా పెంచి, కనిపించగానే కొంచెం వెనక్కి రండి. లైట్‌రూమ్ వాడేవాళ్లకి ఎక్స్‌పోర్ట్ దగ్గర "స్క్రీన్ కోసం పదును" అని తక్కువ, మామూలు, ఎక్కువ ఉంటాయి. మామూలు దగ్గర మొదలుపెట్టండి. ముఖాలకి తక్కువ.

ముందు కొలత తగ్గించాలి, తర్వాతే పదును. 6000 దగ్గర పెట్టిన పదును 1024కి వచ్చేసరికి సగటులో కొట్టుకుపోతుంది.

25. ముక్కుసూటి

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఈ పదును పిచ్చి వల్లే ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఏ పిట్టని చూసినా రేకుతో చేసినట్టుంది. ఈక మెత్తగా ఉంటుంది. మెత్తగా కనిపిస్తే తప్పేంటి?

26. పాతలెన్సు

తప్పేం లేదు. నా పాత ఫోటోలు కొన్ని రేకులే, ఒప్పుకుంటాను. ఇప్పుడు చూస్తే కళ్లు మంట పుడతాయి. అందుకే వెనక్కి రమ్మన్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. జేపెగ్ ఫోటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో సన్నటి వివరాన్ని ముందు వదిలేస్తుంది. నునుపైన గడి తక్కువ చోటులో దూరిపోతుంది, గరుకు గడికి ఎక్కువ చోటు కావాలి. మీరు వెనకాల మసక నేపథ్యంలో ఉన్న గ్రెయిన్‌కి (సన్నటి చుక్కల గరుకుకి) కూడా పదును పెడితే, ఫైల్‌లోని చోటంతా అది తినేస్తుంది. ఫైల్ బరువు ఇంత దాటకూడదని లెక్క కట్టే సైట్ అయితే ఆ భారం పిట్ట మీద పడుతుంది. కాబట్టి నేపథ్యంలో గ్రెయిన్ తగ్గించి, పదును పిట్టకే పరిమితం చేయండి. చూసేవాళ్లకీ హాయి, సైట్‌కీ హాయి.

27. మోడరేటర్

ఈ చర్చని పైన పిన్ చేస్తున్నాను. పేరు చెప్పని సైట్ పేరు ఊహిస్తూ పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. కొనసాగించండి.

28. సన్నగీత

ఆలస్యంగా వచ్చాను. నేను తీసేది పువ్వులు. ఎర్ర పువ్వు ముదురు ఆకుల మీద ఉంటే, మిగతా అంతా పదునుగానే ఉండి రేకుల అంచు మాత్రం అలుక్కుపోతోంది. పసుపు, తెలుపు పువ్వులకి ఈ బాధ లేదు. రంగు కూడా కొంచెం చప్పబడుతోంది. డీపీఐ 72 నుంచి 300కి మార్చాను, ఏమీ కాలేదు.

29. సర్వర్‌గది

డీపీఐ వదిలేయండి, అది ప్రింటర్‌కి చెప్పే మాట. తెరకి పిక్సెళ్ల లెక్క ఒక్కటే కావాలి.

ఎరుపు సంగతి నిజం. మన కంటికి వెలుగు తేడాలు బాగా తెలుస్తాయి, రంగు తేడాలు అంతగా తెలియవు. దాన్ని ఆసరా చేసుకుని చాలా కాపీల్లో వెలుగుని పూర్తి కొలతలోనూ, రంగుని నిలువునా అడ్డంగా సగం కొలతలోనూ దాస్తారు. నాలుగు పిక్సెళ్లకి ఒకే రంగు. దీన్నే 4:2:0 అంటారు. మామూలు వెబ్‌పీ ఎప్పుడూ ఇలాగే దాస్తుంది. ముదురు ఆకు మీద ముదురు ఎరుపు పడితే వెలుగులో తేడా తక్కువ, అంచుని చూపించేది రంగు ఒక్కటే. ఆ రంగు సగం కొలతలో ఉంది. అందుకే అలుక్కుపోతుంది. పసుపు, తెలుపులకి వెలుగు తేడా కూడా ఉంది కాబట్టి బతికిపోయాయి.

పెద్ద కొలత పంపడమే మందు. 2048 కాపీలో సగం రంగు అంటే 1024 పిక్సెళ్ల రంగు మిగులుతుంది. పువ్వు చుట్టూ ఆకుల్ని కొంచెం తేలిక చేసి చూడండి, అదీ పనిచేస్తుంది.

రంగు చప్పబడటానికి కారణం బహుశా ప్రొఫైల్, అంటే ఫైల్‌లోని అంకెల్ని ఏ రంగులుగా చదవాలో చెప్పే చీటీ. ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీలో దాచి పంపితే, సైట్ ఆ చీటీ చింపేసి అంకెలు మాత్రం ఉంచితే, బ్రౌజర్ వాటిని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ అనుకుంటుంది. చప్పబడినది కంటికి మెత్తబడినట్టు కూడా అనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో ఎస్ఆర్‌జీబీ ఎంచుకోండి.

30. సన్నగీత

అడోబీ ఆర్‌జీబీనే పెట్టి ఉంది. మార్చాను. మందారం మళ్లీ మందారంలా ఉంది. రేకు అంచు కూడా కొంత నయం.

31. పిట్టలపిచ్చి

చివరగా ఒకటి రాసి వెళ్తాను. ఈ హుషారులో పాత ఫోటోలన్నీ మళ్లీ 2048కి చేసి, పదును పెట్టి మార్చేద్దామని కూర్చున్నాను. "సైట్ పాడుచేసింది" అని నేను ఇదివరకు పక్కన రాసిపెట్టుకున్నవి ఇరవై ఉన్నాయి. ఒక్కొక్కటీ అసలు ఫైల్ తెరిచి 100 శాతంలో కన్ను చూశాను.

పదమూడు బాగున్నాయి, మార్చేశాను. మిగతా ఏడింటిలో ఫోకస్ కంటి మీద లేదు, వెనక కొమ్మ మీద ఉంది. కొమ్మ బెరడు మాత్రం అద్భుతంగా వచ్చింది.

32. ముక్కుసూటి

ఆ కొమ్మలవి కూడా పెట్టన్నా, చూస్తాం.